మా బావ సగంలో వదిలిన తుపాకి

మా బావ పోయాడన్న కబురు నాకు ఫోన్‌లో రాలేదు, ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషితో వచ్చింది. సౌదీలోని తబూక్ ఊరి బయట మేం పనిచేసే షూటింగ్ క్లబ్బులో వర్క్‌షాపు లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. పొద్దున రాగానే గేటు దగ్గర రేకు డబ్బాలో వేసి పోవాలి. ఆ డబ్బాలో నా ఫోన్ ఆగకుండా మోగుతుంటే, కాపలా ఉండే పాకిస్తానీ ఖాన్ సాబ్ దాన్ని పట్టుకుని లోపలికి వచ్చేశాడు. "భాయ్, ఘర్ సే ఫోన్. బార్ బార్ ఆ రహా హై" అన్నాడు. అంత రూల్సు పాటించే మనిషి రూలు తప్పాడంటేనే నాకు సగం అర్థమైంది. అవతల మా అక్క పెద్దకొడుకు. "మామా, నాయిన పోయిండే" అన్నాడు.

బావ సెలవు మీద ఇంటికెళ్లి నెల కూడా కాలేదు. గడప దగ్గర కూర్చుని చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టబోతూ అలాగే పక్కకు ఒరిగిపోయాడట. ఒక్కరోజు జ్వరమని పడుకున్న మనిషి కాదు. నేను ఫోన్ ఖాన్ సాబ్ చేతిలో పెట్టి మళ్లీ పనిబల్ల దగ్గరికెళ్లాను, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి, తలుపు దగ్గర్నుంచి బల్ల దగ్గరికి. ఆ రోజంతా అదే నడక. కూర్చోమని ఎవరు చెప్పినా వినలేదు.

బావ అంటే మా పెద్దక్క భర్త. నిర్మల్ పక్కన మా ఊళ్లో వడ్రంగి. నన్ను ఈ దేశానికి తెచ్చిందీ ఆయనే, రందా పట్టడం నేర్పిందీ ఆయనే. ఇక్కడ నన్ను రోజూ తిట్టే హక్కున్న ఒకే ఒక్క మనిషి కూడా ఆయనే. నేను కుదురుగా ఒకచోట ఉండే రకం కాదు. ఏదైనా మొదలుపెడితే సాయంత్రానికి అయిపోవాలి, లేకపోతే నాకు ముద్ద దిగదు. ఆయనేమో ఒక చెక్కను వారం రోజులు గోడకు ఆనించి, వచ్చేటప్పుడు పోయేటప్పుడు దాన్ని చూస్తూ ఉండేవాడు. నేను సణిగితే, "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగకురా బామ్మర్ది. నువ్వు తిరిగే గాలికి పొట్టంత నా కండ్లల్ల వడ్తున్నది" అనేవాడు.

ఆయన తుపాకుల కోసం రాలేదిక్కడికి. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, కొత్తగా కట్టుకున్న ఇంటికి తలుపులు చేయడానికి వచ్చాడు. ఆ ఇంట్లో ఓ మూల, భుజానికి ఆనే మడమ చీలిపోయిన పాత రైఫిల్ ఒకటి కనబడితే, తలుపుల పని మధ్యలో దాన్ని అతికించి, నునుపు చేసి ఇచ్చాడట. ఈ క్లబ్బు కూడా కఫీల్‌దే. ఆ తర్వాత బావ మళ్లీ తలుపు ముఖం చూడలేదు. ఇనుము పనంతా ఈజిప్టు ఉస్తాద్ ఒకాయన చూసుకుంటాడు. కర్ర పని మాది. గన్ రూమ్ తాళం కఫీల్‌ది.

తుపాకి పోటీ అంటే నిలబడి, ఊపిరి బిగబట్టి గురి చూసి కొట్టడమని మీరు అనుకుంటూ ఉండొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఇక్కడి పోటీ వేరు. తుపాకి వీపున తగిలించుకుని ఇసుకలో పరుగెత్తాలి, రాళ్లగుట్ట ఎక్కాలి, ఇసుక బస్తా మోయాలి, రొప్పుతూ రొప్పుతూ వచ్చి మోకాలి మీద కూలబడి దూరంగా ఉన్న ఇనుప బిళ్లల్ని కొట్టాలి. మళ్లీ పరుగు. అందుకని తుపాకి కర్ర పరుగులో వీపు మీద ఎగరకూడదు, దించుకున్నప్పుడు భుజంలోకి దానంతటది వచ్చి కూర్చోవాలి. అలా కూర్చోబెట్టడమే మా బావ పని.

దానికి ఆయన పద్ధతి ఒకటి ఉండేది. కూర్చున్న మనిషికి ఎప్పుడూ కొలత తీసేవాడు కాదు. ఎంత పెద్దింటి షూటర్ వచ్చినా సరే, ముందు షెడ్డు చుట్టూ నోట్లోంచి మాట రానంతగా పరుగెత్తించేవాడు. అప్పుడు ఖాళీ తుపాకి చేతికిచ్చి, కళ్లు మూసుకుని భుజానికెత్తమనేవాడు. కళ్లు తెరవగానే చూపు తిన్నగా గురిలో పడితే సరే. పడకపోతే ఆ కర్ర మళ్లీ బల్ల మీదికే. "సల్లగున్నప్పుడు అందరు మంచోల్లేరా. దమ్ము మీదున్నప్పుడు తెలుస్తది మనిషైనా, కర్రయినా" అనేవాడు. నాతో గొడవపడి తగ్గినప్పుడు కూడా ఇదే మాట అని నవ్వేవాడు.

పరుగు ఇతరులకే పెట్టి ఊరుకునేవాడా అంటే, అదీ కాదు. తుపాకి అంత బరువు తూగే ఒట్టి కర్ర ఒకటి చేసుకుని, ఆ బొజ్జతో, మిట్టమధ్యాహ్నం షెడ్డు చుట్టూ తనే ఉరికేవాడు. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ ఎగురుతుందో తన ఒంటికి తెలియాలట. ఖాన్ సాబ్ గేటు దగ్గర్నుంచి, "ఉస్తాద్, పీఛే శేర్ పడా హై క్యా?" అని, వెనక పులి తరుముతోందా అన్నట్టు కేక వేస్తే, "నహీ ఖాన్ సాబ్, సాలా పడా హై" అని, పులి కాదు బామ్మర్ది అంటూ నన్ను చూపించేవాడు. నేను కసురుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనేవాడు లేక ప్రాణం గిలగిల్లాడుతోంది.

తన మొదటి రైఫిల్ సంగతి ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. మోయడానికి సుఖంగా ఉండాలని ముందు భాగమంతా చెక్కి చెక్కి పుల్లలా చేశాడట. చేత్తో పట్టుకున్న వాళ్లంతా మాషా అల్లా అన్నారు. పోటీలో మాత్రం రొప్పుతున్న షూటర్ చేతిలో దాని మూతి ఒక్కచోట నిలవలేదు, ఒక్క బిళ్లకూ గుండు తగల్లేదు. నిలవాలంటే ముందు చెయ్యి మీద కాస్త బరువుండాలని అప్పుడు తెలిసిందట. "అలకగుంటే మంచిదని తలుపు చేసినట్టే చేసినా. తుపాకి చేస్తున్న సంగతి యాదికి లేకపాయె" అనేవాడు.

ఆయన చివరగా పట్టుకున్న పని నూరాది. నూరా మా కఫీల్ కూతురు, ఆడపిల్లల బడిలో వ్యాయామం టీచరు. కిందటి పోటీలో మగవాళ్ల కొలతల రైఫిల్‌తో పరుగెత్తి భుజం కమిలిపోయి వచ్చింది. బావను "అమ్మూ" అని పిలిచేది, అంటే చిన్నాన్న అన్నట్టు. ఈయన "బేటీ" అనేవాడు. ఎండాకాలం పొడవునా ఆ అమ్మాయి కోసం అక్రోటు చెక్కను చెక్కుతూనే ఉన్నాడు. అంతా అయింది, మడమ చివర మాత్రం వదిలేశాడు. సెలవు దగ్గరపడుతుంటే నేను ప్రాణం తీశాను, పూర్తి చేసి పొమ్మని. "సలి వడనియ్‌రా. సలి వడ్డంక సూద్దాం" అన్నాడు. ఇంటి ధ్యాసలో పడి తప్పించుకుంటున్నాడు అనుకున్నాను.

కబురు వచ్చిన సాయంత్రం కఫీల్ స్వయంగా షెడ్డుకొచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వెళ్లి రావడానికి వీసా రేపే ఇప్పిస్తాను, వెళ్లు అన్నాడు. పోటీ దగ్గరికొచ్చింది కాబట్టి నూరా తుపాకికి కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ మడమ బిగించేద్దామన్నాడు. బావ చేసిన కర్రను అల్మారాలో జ్ఞాపకంగా దాచుకుంటానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ అల్మారా అన్న మాట నాకు ముల్లులా దిగింది. పరుగు కోసం చేసిన వస్తువు ఒక్కసారీ పరుగెత్తకుండా అద్దం వెనక ఉండిపోతుందా అని. నేను వెళితే కర్ర అల్మారాలోకి. నేను ఉంటే బావ దినాలకు బావమరిది లేనట్టు. ఎటు తిరిగినా ఒక తప్పే.

గేటు దగ్గర డబ్బాలోంచి ఫోన్ తీసుకుని అక్కకు చేశాను.

"అక్కా, విజా అయితది. రేపు ఎక్కుతే దినాలకు అందుత."

వెనక ఎవరో ఏడుస్తున్నారు. "ఆ తుపాకి అయిపోయిందారా?" అంది అక్క.

"లేదక్కా. మడమ కాడ పని ఉన్నది."

"పోయిన రోజు గూడ దాని ముచ్చటే చెప్పిండు. ఆడ సలి వడ్డదా అడుగుమన్నడు నిన్ను. నేనే మర్సిపోయిన."

ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. పోయేముందు కూడా నాకు చలిపెడుతుందేమో అని అడిగాడు కదా అనుకున్నాను.

"నువ్వొచ్చి ఏం జేస్తవ్‌రా?" అంది అక్క. "ఈడ పిండం వెట్టెటానికి కొడుకులున్నరు. ఆ పని జేసెటోడు ఆడ ఇంకెవడున్నడు? నీ పానం ఆగకుంటే రా. ఆగుతె అది చేసి రా." మళ్లీ తనే అంది: "ఇన్నేండ్లు ఆడ ఏం జేసిండో ఒక్కనాడన్న సూడలే నేను. ఫొటో తియ్యనియ్యరు అనెటోడు. నా పెండ్లికి చేసిన మంచమొక్కటే నాకెరుక."

ఉండిపోయాను. కఫీల్‌కు చెప్పాను, పోటీకి ముందు రోజు దాకా నాకు వదిలేయండి, కాకపోతే మీ ప్లాస్టిక్ మడమే బిగించండి అని. ఆయన ఒప్పుకున్నాడు.

నూరా వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. తుపాకి అందుకుని రెండుసార్లు భుజానికెత్తి, బరువుగా ఉంది, ఎత్తేటప్పుడు ఎక్కడో పట్టేస్తోంది, ముందు కర్ర సన్నం చెయ్యమంది. నాక్కావలసిందీ అదే. చెయ్యడానికి పని. ఆకురాయి తీసుకుని గీత కూడా గీశాను. ఒక్క పూటలో అయిపోతుంది. అంతలో నాకే సిగ్గేసింది, ఉరికించకుండానే చెప్పిన మాట పట్టుకుని కోస్తున్నానే అని. "బయటికి రండి, ఉరకండి" అన్నాను. ఆ అమ్మాయి నన్ను చూసి, జాకెట్టు జిప్పు పైకి లాక్కుని షెడ్డు చుట్టూ పరుగందుకుంది. నేను బావలా నిలబడి చూడలేను కదా, పక్కన నేనూ ఉరికాను. ఖాన్ సాబ్ ఈసారి ఏ కేకా వేయలేదు.

రొప్పుతూ ఆగింది. కళ్లు మూసుకుని ఎత్తింది. పట్టేసింది. మళ్లీ ఉరికాం, మళ్లీ ఎత్తింది, మళ్లీ పట్టేసింది. నాలుగోసారికి ఆమెకు కోపం వచ్చింది. "ఖలాస్, బరువే అని చెప్తున్నా కదా!" అని అరిచింది. నేనప్పుడు తుపాకి వైపు చూడటం మానేసి ఆమె చంక వైపు చూశాను. మడమ కింది మూల జాకెట్టు మడతలో ఇరుక్కుంటోంది. తబూక్ చలికాలపు దళసరి దూది జాకెట్టు. ఎండాకాలంలో కొలత తీసినప్పుడు ఆమె ఒంటిమీద పల్చటి చొక్కా ఉంది. బరువూ కాదు, ముందు కర్రా కాదు.

చలి పడనీయ్ అన్నది ఇందుకు. ఫోన్‌లో అడగమన్నదీ ఇందుకే. నేనేమో నా మీద బెంగ అనుకున్నాను. అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను, ఆ అమ్మాయి ముందరే. ఆమె నా పక్కన కూర్చుని తుపాకి తన ఒళ్లో పెట్టుకుంది.

ముందు భాగం ముట్టుకోలేదు. మడమ మూల గుండ్రం చేసి, వెనక రవ్వంత కోసి, మళ్లీ ఉరికించి, మళ్లీ గీకి, జాకెట్టుతోనే చూసుకుంటూ పోయాను. ఇంత నెమ్మదిగా నేను జన్మలో ఏ పనీ చేయలేదు. చేతులు తొందరపెట్టినప్పుడల్లా లేచి గేటు దాకా నడిచి వచ్చేవాణ్ణి. చివరికి ఒక మధ్యాహ్నం, మాట రానంత రొప్పుతో ఉన్న నూరా కళ్లు మూసుకుని ఎత్తి, తెరిచి, అలాగే గురిలోంచి చూస్తూ ఉండిపోయింది. "యా అమ్మూ" అంది మెల్లగా. ఆ పిలుపు నన్ను కాదని నాకు తెలుసు. కఫీల్ ప్లాస్టిక్ మడమను తిరిగి డబ్బాలో పెట్టించాడు.

పోటీ రోజుకు ఇంటి దగ్గర దినాలు అయిపోయాయి. చూడటానికి వచ్చిన జనం చేతుల్లో అందరికీ ఫోన్లే, ఇక్కడ అడ్డు చెప్పేవాళ్లు లేరు. నేను అక్కకు వీడియో కాల్ చేశాను. బొట్టు లేని ఆమె ముఖం నేను చూడటం అదే మొదటిసారి, చూపు పక్కకు తిప్పుకున్నాను. ఫోన్‌ను మైదానం వైపు తిప్పి పట్టుకున్నాను. నూరా పరుగెత్తుకుంటూ వచ్చి మోకాలి మీద కూలబడింది. తుపాకి దించింది, ఎత్తింది, ఎక్కడా పట్టెయ్యలేదు. బిళ్లలు ఒకదాని వెనక ఒకటి ఠంగుమన్నాయి. లేచి, తుపాకి వీపున వేసుకుని, గుట్ట వైపు ఉరికింది.

"గిదేనా?" అంది అక్క.

"గిదే అక్కా."

"జర దగ్గరికి సూపియ్యవా."

"పిల్ల ఉరుకుతున్నది. దగ్గరికెట్ల సూపియ్యాలె?"

నూరా చిన్నదై, చుక్కై, గుట్ట వెనక్కి పోయింది. ఎదురుగా ఇసుక తప్ప ఏమీ లేదు. ఫోన్ పెట్టేద్దామని నా వైపు తిప్పుకున్నాను.

"మల్ల వస్తదా?" అంది అక్క.

"వస్తది. గుట్ట సుట్టు తిరిగి మల్ల ఈడికే రావాలె."

"అయితే పెట్టకురా. సూస్త."

ఫోన్‌ను మళ్లీ ఆ ఖాళీ ఇసుక వైపు తిప్పి, చెయ్యి కదలకుండా పట్టుకుని నిలబడ్డాను.