మ్యాటుకు మేకులు కొట్టే హక్కు

మా చిన్నప్పుడు... క్రికెట్‌లో బంతులు కొట్టకుండా వదిలేస్తున్నానని నన్ను ఓపెనింగ్ నుంచి పీకేశారు. పీకింది మా కెప్టెన్ యాదగిరన్న. అరవైల మొదట్లో మాట. ఇప్పటికీ మండుతుంది.

జహీరాబాద్‌లో నేనప్పుడు నూనె మిల్లులో పనిచేసే పోరగాణ్ని. ఆట నేర్పినవాడు లేడు. మిల్లు గోడకు బంతి కొట్టుకుంటూ నేనే నేర్చుకున్నాను... కొత్త బంతి ఎర్రగా మెరిసినంతసేపూ దాని జోలికి పోవద్దు. బయటికి పోయేదాన్ని పోనివ్వాలి. వికెట్ల మీదికి వచ్చేదాన్ని కంటి కిందిదాకా రానిచ్చి, చేతులు వదులుగా పెట్టి ఆపాలి. మెరుపు పోయాక అది మన బంతి.

"బ్యాటెందుకురా నీకు, ఊడ్వనీకా?" అన్నాడు యాదగిరన్న. "నీ జాగల బసవరాజు దిగుతడు. కొడ్తె అవతల పడాలె."

మాకు పచ్చిక పిచ్ ఎక్కడిది... ఎర్రమట్టి మీద కొబ్బరినార మ్యాటు పరిచేవాళ్లం. దాన్ని గుంజి మేకులు కొట్టే పని ఓపెనర్లదే. మొదటి బంతి వచ్చేది వాళ్ల మీదికే కదా. వేరేవాడు ముట్టుకుంటే అపశకునమని మా కట్టుబాటు.

బీదర్ వాళ్లతో మ్యాచ్. అంతకుముందే మ్యాటును ఎవరింటికో పెండ్లికి ఇచ్చారు, జనం కూర్చోవడానికి. మడతలు పెట్టి తెచ్చి పడేశారు. బసవరాజు దాన్నలాగే పరిచి, మూలల్లో మేకులు కొట్టి చేతులు దులుపుకున్నాడు.

"నడుమ మడత లేచింది, జర గుంజురా," అన్నాను.

"పెండ్లిల అంతమంది కూసున్నరు, సాపుగైందిలే. నీకెందుకు ఫికర్?"

ముట్టుకునే హక్కు నాకు లేదు... చూస్తూ నిలబడ్డాను.

మొదటి బంతి సరిగ్గా ఆ మడత మీదే పడింది. బసవరాజు గుడ్డిగా ఊపాడు. బంతి ఎగిరి, గ్లవ్‌కు తగిలి, గాల్లోకి లేచింది... ఔట్. తర్వాతివాడూ అంతే. నేను దిగాను.

ఉన్నది ఒకటే జత ప్యాడ్లు. ఇద్దరు బ్యాట్స్‌మెన్‌కి చెరొకటి. మడత మీద పడి లేచినవన్నీ తల తప్పించి వదిలేశాను. మనవాళ్లే ఈలలు వేశారు. వేసుకోనీ... నేను చూసింది బంతి రంగునే. ఎరుపు పోయి మట్టిరంగుకు తిరిగాక, అప్పుడు కొట్టాను.

గెలవలేదు. నాకు తోడు నిలిచేవాడు మిగల్లేదు. నేను మాత్రం ఔట్ కాలేదు.

మ్యాటు చుడుతుంటే యాదగిరన్న వచ్చి సుత్తె నా చేతిలో పెట్టాడు. "వచ్చేసారి మేకులు నువ్వే కొట్టు." అంతే. తప్పయిందన్న మాట ఆ నోట రాలేదు.

ఇప్పుడు మ్యాట్లు లేవు, మేకులు లేవు. బంతి వదిలేసేవాడికి అప్పుడు చప్పట్లు లేవు... ఇప్పుడు జట్టులో చోటే లేదు. మ్యాటు మీద ఓపెనింగ్ దిగినవాళ్లు ఇంకెవరైనా ఉంటే, మీ ముచ్చట కింద రాయండి.

యాదగిరన్నా, నా పోస్టులు నీ మనుమడు నీకు చదివి వినిపిస్తాడట. ఆ ఒక్క మాట వచ్చే ఆదివారంలోగా ఇక్కడ రాయించు. సుత్తె ఇంకా నా దగ్గరే ఉంది... ఎదురుచూస్తుంటాను.