తూకం గుండు పట్టిన చెయ్యి

ముప్పయ్యేళ్లు గోడలు లేపిన మేస్త్రి ఆస్పత్రి గదిలో తన వెన్నెముక ఎక్స్‌రేను కిటికీ వెలుగుకి పట్టి నోరెళ్లబెట్టాడు. ఇన్ని సిమెంటు బస్తాలు మోసింది ఈ అగ్గిపెట్టెలంత ఎముకలా! నడుం దగ్గర ఒకటి వరస తప్పి ముందుకు జారింది. ఆపరేషన్‌కి నెల్లాళ్లుగా ససేమిరా అంటున్నాడు. ఇప్పుడు, కొత్త తాపీవాళ్లకు పెట్టే పరీక్షే కత్తి పట్టబోయే డాక్టరమ్మకూ పెట్టాడు. జేబులోంచి గోడ నిలువు చూసే తూకం గుండు తీశాడు.

"దారం పట్టుకోండమ్మా. గుండు ఊగకూడదు."

"ఇదేం చోద్యమండీ!" అని భార్య మోచేత్తో పొడిచింది.

డాక్టరమ్మ నవ్వకుండా చెయ్యి చాచి పట్టుకుంది. గుండు రెండుసార్లు ఊగి, మేకు కొట్టినట్టు గాల్లో నిలిచిపోయింది. మేస్త్రి చెయ్యి కూడా ఏనాడూ అంత నిలకడగా లేదు.

"మీరు మానమన్న బీడీలు ఇవాళే మానేస్తా. తేదీ చెప్పండమ్మా," అన్నాడు మేస్త్రి. "గుండు మీ దగ్గరే ఉంచండి. లేచి నిలబడ్డాక నన్ను తూకం చూసి ఇద్దురుగాని."