వాగు ఒడ్డున వలయాల బండ

మొన్న దుర్గ్‌లో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు, బల్ల మీద పడివున్న పాత హిందీ పత్రికలో ఒక ఫొటో కనిపించింది. ఎక్కడో మరో రాష్ట్రంలో ఒక రాతిబండ చుట్టూ కంచె కట్టి, ఇది భూమి చరిత్రకు సాక్ష్యం, పాడుచేయరాదు అని బోర్డు పెట్టారట. బండ నిండా గుండ్రటి వలయాలు, క్యాబేజీని అడ్డంగా కోస్తే కనిపించే మడతల్లాంటివి. లోపలినుంచి నా పేరు పిలుస్తున్నా వినపడక, పక్కనున్నావిడ భుజం తట్టాల్సి వచ్చింది.

అలాంటి బండ ఒకటి మా భిలాయికీ నందిని సున్నపురాయి గనులకీ మధ్య, ఒక పల్లె చివర వాగు ఒడ్డున ఉండేది. దాన్ని నాకు చూపించింది మా ఆడపడుచు. మా భిలాయి, దుర్గ్‌ల ప్రాంతం కొత్త రాష్ట్రంగా ఏర్పడిన తొలి సంవత్సరాలవి. ఆమె దుర్గ్‌లో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేది. పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకునేది. మా ఆయన ఉక్కు ప్లాంటులో పనిచేసేవారు, మరిది చిన్న చిన్న కాంట్రాక్టులు చేసుకునేవాడు, అత్తగారు మా దగ్గరే ఉండేవారు. ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక అందరం మా క్వార్టర్లోనే భోంచేసేవాళ్ళం.

నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రపుటొడ్డున పుట్టినదాన్ని. పెళ్ళయి వచ్చి ఎన్నేళ్ళయినా చెవుల్లో ఆ హోరు లేని లోటు తీరేది కాదు, ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఒక చలికాలం ఉదయం ఆడపడుచు నన్ను స్కూటరు మీద ఆ వాగు దగ్గరికి తీసుకెళ్ళి, చెప్పులు విప్పించి, బండ మీద నిలబెట్టింది.

"సముద్రం సముద్రం అని బెంగెట్టుకుంటావు కదా వదినా, ఇదేటనుకున్నావు? సముద్రమే!" అంది.

కోటానుకోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేదనీ, కంటికి కనబడని జీవులు సున్నపు పొర మీద పొర కట్టుకుంటూ పెరిగిన గుర్తులే ఈ వలయాలనీ చెప్పింది. ఇలాంటివి చుట్టుపక్కల సున్నపురాయిలో ఇంకా ఉన్నాయట గానీ, ఇక్కడ ఒడ్డును వాగు కోసేయడం వల్ల పైనుంచి చూస్తే వలయాలు, పక్కనుంచి చూస్తే బోర్లించిన గిన్నెల దొంతరలు, రెండూ ఇంత స్పష్టంగా ఒకేచోట కనిపించడం అరుదట. పల్లె ఆడవాళ్ళు ఆ బండ మీద వడియాలు పెట్టుకునేవారు. ఆమె టేపుతో కొలుస్తూ, సుద్దతో గుర్తులు పెడుతూ, వడియాలు తొక్కకుండా ఒంటికాలి మీద గెంతుతుంటే వాళ్ళు పగలబడి నవ్వేవారు.

కొత్త రాష్ట్రం కదా, ఎటు చూసినా రోడ్లు వేస్తున్నారు. కంకరకు గిరాకీ పెరిగింది. ఒక ఆదివారం భోజనాల దగ్గర మా మరిది తనకు రాతి క్వారీ లీజు వచ్చిందని సంబరంగా చెప్పాడు. ఏ పల్లెలోనో, వాగుకి ఏ పక్కనో చెప్పేసరికి ఆడపడుచు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అతను తెలిసి చేసింది కాదు. బండ గురించి ఆమె ఎన్నోసార్లు చెప్పింది గానీ, అక్కలు చెప్పే పాఠాలు ఏ తమ్ముళ్ళు చెవిన పెడతారు?

ఆ తర్వాత ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. తోడుగా నేనూ కొన్నిసార్లు వెళ్ళాను. ఒకచోట మర్యాదగా టీ ఇచ్చి, విగ్రహమో శాసనమో ఉంటే చెప్పండి మేడమ్ అన్నారు. ఇంకోచోట, అక్కడ అడవి లేదు కదా, మా పరిధిలోకి రాదన్నారు. ఒక పెద్దాయన మాత్రం ఫొటోలన్నీ ఓపికగా చూసి, రాయిని తవ్వుకోవడానికి చట్టం ఉందమ్మా, ఉంచుకోవడానికే నాకు తెలిసి ఏదీ లేదు అని, నిజంగానే బాధపడ్డాడు.

ఇంటికొస్తే ఇద్దరి మధ్యా నేను. మా ఆయన షిఫ్టు వంకతో తప్పించుకునేవారు. మరిది వంటింటి గుమ్మంలో నిలబడి, "దీదీకి నువ్వైనా సెప్పు వదినా. మెషీను కిరాయికి తెచ్చీసినాను, పార్ట్‌నర్ ఊరుకోడు. నేనొగ్గేస్తే రేపు ఇంకోడు తీసుకుంటాడు. అప్పుడేటి, బండ మిగిలిపోద్దా?" అనేవాడు. అతను వెళ్ళాక ఆమె వచ్చి అదే గుమ్మంలో నిలబడి, "తమ్ముడు నీ మాట కాదనడు వదినా" అనేది. ఇద్దరూ చెప్పేది నిజమే. అత్తగారు మోకరించి, "ఏ బిడ్డ పక్షాన అడగాలో నాకు తెలీదు ప్రభువా, నువ్వే సూసుకో" అని ప్రార్థించడం నా చెవులతో విన్నాను.

మరిది తనకు చేతనైనంత చేశాడు. వాగువైపు వదిలి అవతలి చివరినుంచి తవ్వించాడు. కానీ అక్కడి రాయి మట్టి కలిసి నాసిగా ఉంది. మంచి రాయంతా బండ దగ్గరే ఉంది. వానలు తగ్గాక ఒకరోజు వచ్చి, "రేపు మజ్జాన్నం, దీదీ" అని తల వంచుకున్నాడు.

మర్నాడు ఆమె నన్నూ రమ్మంది. మేం వెళ్ళేసరికి బండ మీద వరసగా బెజ్జాలు వేసి, పేలుడు మందు కూరి ఉంచారు. ఆమె వలయాల మధ్య కూర్చుని, వాటి మీద పడిన రాతిపిండిని అరచేత్తో తుడవసాగింది. ఎర్రజెండా మనిషి ఈల వేస్తున్నా కదల్లేదు. మరిది పరుగున వచ్చి, "దీదీ, ఉఠో, లెగు! నీకేటైనా అయితే అమ్మకి నేనేటి సెప్పాలి?" అంటూ ఏడ్చేశాడు. నేను చెయ్యి పట్టుకుంటే అప్పుడు లేచింది. అడ్డుపడదామని వచ్చిందో, చివరిసారి చూసుకుందామని వచ్చిందో ఎప్పుడూ అడగలేదు నేను.

దూరంగా వెళ్ళి నిలబడ్డాం. నేల అదిరింది, తెల్లటి దుమ్ము లేచింది, వాగు నీళ్ళు పాలలా అయిపోయాయి. పల్లె ముసలమ్మ ఒకావిడ మా పక్కనే నిలబడి చూసి, ఆడపడుచు భుజం మీద దుమ్ము దులిపి వెళ్ళిపోయింది.

సాయంత్రం మరిది వలయాలున్న ముక్క ఒకటి ఏరి ఇంటికి తెచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఎక్కడిదో, పక్కన ఏటుండేదో తెలీకపోతే నాకెందుకురా" అని మెల్లగా అని, అతనికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు.

క్వారీ కొన్నేళ్ళకే మూతపడింది. గుంతలో నీళ్ళు నిలిచాయి. అత్తగారు పోయాక ఆదివారం భోజనాలు ఎవరిళ్ళలో వాళ్ళవే అయ్యాయి. ఎవరైనా తప్పు చేసివుంటే వాళ్ళ మీద కోపంతోనైనా ఈ బాధ తగ్గేదేమో. మాకు ఆ దారీ లేకపోయింది. ఆడపడుచు రిటైరైనా కాలేజీ పిల్లలు ఆమెను వెతుక్కుంటూ వస్తూనే ఉంటారు. మా రోజుల్లో వినని మాటలు వాళ్ళు చెబుతుంటారు, రాళ్ళకూ వారసత్వం ఉంటుందంటారు, ఇలాంటివి ఇంకెక్కడ చూడొచ్చు మేడమ్ అని ఫోన్లలో మ్యాపులు తీస్తారు. ఆమె తనకు తెలిసిన వాగులన్నీ గుర్తు పెట్టి ఇస్తుంది. కోట్ల ఏళ్ళుగా కదలకుండా ఉన్న రాళ్ళే అవన్నీ. అయినా గేటు దాకా వెళ్ళి ఆ పిల్లలను సాగనంపుతూ, "జల్దీ వెళ్ళండి, ఈ వారమే వెళ్ళి సూసి రండి" అంటుంది.