ముట్టుడులో వచ్చిన కవరు

ఆ కవరు వచ్చిన రోజు మా ఇంట్లో ముట్టుడు, చావు మైల. పాలివాళ్లలో ఒక ముసలవ్వ చనిపోయింది. ఆమెను నేను నాలుగైదుసార్లకు మించి చూసి ఉండను. అయినా పాలివాళ్లు పాలివాళ్లే. పదకొండు రోజులు ఇంట్లో దీపం లేదు, కొత్త పని లేదు, కాయితం మీద సంతకం లేదు. ఆ రోజుల్లో డైరీ కూడా రాయను. మా నాయిన పోయినప్పటి నుంచి అదే పద్ధతి. నా పాత డైరీల్లో వరుసగా పేజీలు ఖాళీగా కనబడితే, మా ఇంటిపేరు వాళ్లెవరో పోయినట్టు.

రెండోరోజు పోస్ట్‌మ్యాన్ రిజిస్టరు కవరు తెస్తే మా వదినె సంతకం చేసి తీసుకుంది. చేసినందుకు నేనే కోప్పడ్డాను.

"విప్పు జర. ఏం రాసిన్రో సూడు," అన్నది.

"ముట్టుడు తీరనియ్యి వదినె. కాయిదం యాడికి పోతది?"

"కాయిదం పోదు. నా చెలక పోతది."

అన్న బతికున్నంతకాలం దున్నిన రెండెకరాల చెలక అది. కందులు, ఆముదాలు పండేవి. రాష్ట్రం వచ్చినంక కొత్త పాసుబుక్కులు ఇచ్చినప్పుడు దాన్ని సర్కారు భూమి కింద చూపించారు. చాలా ఏళ్ల కిందట రెవెన్యూ గిర్దావర్ వచ్చి, సాగులో ఉన్నది అన్ననే అని పంచనామా రాశాడు. సాక్షులుగా సంతకాలు పెట్టినవాళ్లు ముగ్గురూ ఇప్పుడు లేరు. ఆ పంచనామా నకలు కోసం సమాచార హక్కు కింద నా పేరుతో దరఖాస్తు పెట్టాను. కవరు దానికి జవాబు.

పన్నెండోనాడు తలస్నానం చేసి విప్పాను. ఫైలు విచారణలో ఉంది, నకలు ఇవ్వలేము, ఇది అందిన ముప్పై రోజుల్లో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు అని ఉంది. కవరు మీద "అందినది" అని రాసి, విప్పిన నాటి తేదీ వేశాను. అందులో నాకేమీ తప్పు తోచలేదు. ముప్పై నాలుగేళ్లు సర్కారు ఆఫీసులో తపాలా చూసినవాడిని. అక్కడ కాయితం గుమ్మం దాటితే వచ్చినట్టు కాదు, దాని మీద నా గుండ్రటి ముద్ర పడితేనే వచ్చినట్టు. శనివారం వచ్చినవాటికి సోమవారం ముద్ర వేసేవాడిని. మధ్యలో ఎవరి గడువు దాటిందో నేనెన్నడూ అడగలేదు.

అప్పీలు సాఫుగా రాసి, ఆ తేదీ నుంచి ఇరవై ఐదోరోజు ఇచ్చాను. "గడువుకు ఐదు రోజుల ముందే సమర్పిస్తున్నాను" అని చివర ఒక వాక్యం కూడా చేర్చాను. ఎవరూ అడగని వాక్యం.

గడువు దాటినందున తిరస్కరించడమైనది అని జవాబు వచ్చింది. అటువంటి వాక్యాలు నేను ఎన్ని రాసి పంపానో లెక్కలేదు. ఆఫీసుకు పోతే సెక్షన్‌లోని ఆమె పోస్టాఫీసు నుంచి తిరిగొచ్చిన రసీదు కార్డు తీసి చూపించింది.

"ఇదెవరి సంతకం సార్?"

"మా వదినెది."

"అంటే అదేరోజు అందినట్టే గద."

"ఇంట్ల ముట్టుడుండెనమ్మా."

"గా ముక్క అప్పీల్ల రాస్తే అయిపోతుండె గద సార్! కారణం చెప్తే సారు ఒప్పుకుంటుండె. మీరేమో ముందే ఇస్తున్న అని రాసిన్రు. సారు అబద్ధం అనుకున్నడు."

హైదరాబాదులో సమాచార కమిషన్‌కు పోవచ్చని ఆమే చెప్పింది. అబద్ధాలకోరునన్న పేరు మోసుకుని అక్కడికి పోవడానికి నా అహం ఒప్పుకోలేదు. కొత్తగా దరఖాస్తు పెట్టాను.

ఆ జవాబు వచ్చిన రోజు వదినె ముందే, నిలబడే విప్పాను. మండలం రెండుగా విడిపోయి రికార్డులు తరలించిన తరువాత సదరు ఫైలు లభ్యం కావడం లేదట. మొదటిసారి ఇవ్వలేమన్నారంటే అప్పటికి ఫైలు ఉన్నట్టే గదా. అప్పీలు నిలబడి ఉంటే, పై అధికారి ఫైలు తెమ్మని అడిగేవాడు. అడిగితే దాన్ని ఎవరో ఒకరు వెతికి పట్టుకునేవాళ్లు.

వదినె ఆ కాయితాన్ని మడిచి కవరులో పెట్టింది. తరువాత, "దినాం రాస్తవు గద. గిర్దావర్ వచ్చిన్నాడు ఏం రాసినవో సూడు. గదన్న సూపెడుదాం," అన్నది.

ట్రంకు పెట్టె దించి, ఆ సంవత్సరం డైరీ వెతికి, పేజీ పట్టి చదివాను. "అన్న చెలకకు గిర్దావర్ వచ్చినాడట. ఎండ విపరీతం. బస్సు రాక ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యం."

"ఇంకా?"

"గంతే వదినె."

"సంతకాలు ఎవలు పెట్టిన్రో రాయలేదా?"

"లేదు."

"ఎండైతే మంచిగ రాసినవ్, మరిదీ," అని లేచింది. మేకలను విప్పి తోలుకుపోయింది. సర్కారు బోర్డు పాతినప్పటి నుంచి వాటిని చెలక దిక్కు తోలడం లేదు. రోడ్డు పక్కనే మేపుతుంది.