పాచికకు తగిలిన పాదం

సెంగ్‌కాంగ్‌లో మా ఇంట్లో, పాచికలు వేస్తూ కథ అల్లుకునే ఆటకు ఓ మనిషి తక్కువైతే మా అమ్మాయి హాసిని నన్ను కూర్చోబెట్టింది. "అమ్మా, వేరేవాళ్ళ డైస్ మాత్రం ముట్టుకోకు, ప్లీజ్! అది చాలా రూడ్" అని ముందే హెచ్చరించింది.

కథలో డ్రాగన్ మీదికొచ్చింది. హాసిని స్నేహితుడు వెయ్ మింగ్‌కు పెద్ద అంకె పడకపోతే అందరం బూడిదే. అతని పాచిక దొర్లి కిందపడి నా కాలికి తగిలింది. అంకె ఎవరైనా చూసేలోపే చటుక్కున తీసి కళ్ళకద్దుకున్నాను.

"అమ్మా!" అని హాసిని అరిచింది. నన్ను బూడిద చేయడానికి ఆ చూపు చాలు, డ్రాగన్ దండగ.

"ఓకే లా ఆంటీ, ఐ రోల్ అగైన్" అని ఇక్కడి యాసలో అంటూ వెయ్ మింగ్ మళ్ళీ వేశాడు. ఇరవై! ఇరవై ముఖాల ఆ పాచికలో అంతకు మించిన అంకె లేదు. డ్రాగన్ కూలింది, కేకలతో ఇల్లు దద్దరిల్లింది.

కాలు పెట్టిన వేళావిశేషం అంటే ఇదేనేమో! ఆపైన పాచికలన్నీ 'పొరపాటున' నా కాళ్ళ దగ్గరే జారిపడ్డాయి. మొదటిది హాసినిదే.