జాగిలం మా గిర్నీలో కూర్చుంది

మా పిండి గిర్నీ బాన్సువాడ బస్టాండు వెనుక సందులో ఉంటుంది. మా ఆయన బీర్కూర్‌లో పొలం చూసుకుంటాడు కాబట్టి గిర్నీ నేనూ మా తమ్ముడూ కలిసి నడిపేవాళ్లం. తూకం నాది, మర వాడిది. సందు చివరి ఇంట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. సాయంత్రం పూట బస్టాండు ముందు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఊళ్లో అందరికీ ఆమె అవ్వే. రోజూ పొద్దున్నే జొన్నలు తెచ్చి పట్టించుకుని, పిండి వేళ్ల మధ్య నలిపి చూసి, బరకగా ఉందని మా తమ్ముడితో కాసేపు జగడమాడి, నవ్వుకుంటూ వెళ్లిపోయేది.

ఒక పొద్దున రాలేదు. జ్వరమేమో, పోయి చూద్దామని నేను అనుకుంటుండగానే పాలు పోసే ఆమె సందులో కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చింది. అవ్వ మంచం మీదే చనిపోయి ఉంది. కాళ్ల వెండి కడియాలు లేవు, మెడలో బంగారు గుండ్లు లేవు. ముఖం పక్కన ఒక తువ్వాల పడి ఉంది. నేను గడప దాకా వెళ్లి, లోపలికి చూసి, వెనక్కి వచ్చేశాను. మర బంద్ చేయమని తమ్ముడికి చెప్పాను.

పోలీసులు వచ్చి అవ్వ తలుపు దగ్గర మనిషిని నిలబెట్టారు. మధ్యాహ్నానికి క్లూస్ టీం వచ్చింది. వాళ్ల వెనుకే ఇంకో బండిలో పోలీసు కుక్క వచ్చింది. దాన్ని పట్టుకున్న కానిస్టేబుల్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. సందంతా జనం. గోడల మీద, మేడల మీద, ఆగిన ఆటోల మీద. మేమిద్దరం గిర్నీ అరుగు మీద నిలబడి ఉన్నాం.

కుక్కను లోపలికి తీసుకుపోయి తువ్వాల వాసన చూపించారట. బయటకు రాగానే అది ముక్కు నేలకు ఆనించి సందు పొడవునా నడిచింది. జనం రెండు పక్కలకూ జరిగారు. ఎక్కడా ఆగలేదు, ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా వచ్చి మా అరుగు ఎక్కి, మర చుట్టూ తిరిగి, మా తమ్ముడి కాళ్ల దగ్గర వాసన చూసి, అక్కడే కూర్చుంది.

ఎస్సై అవ్వ ఇంట్లోంచి ఆ తువ్వాలను ఒక కాగితం సంచిలో పట్టుకొచ్చి దూరం నుంచే చూపించాడు.

"గిది ఎవరిదో ఎరుకేనా?"

"నాదే సార్," అన్నాడు మా తమ్ముడు. "గా గోడకున్న మొలకు తగిలేస్త రోజు. నిన్న సాయంత్రం సంది దొరుకుతలేదు."

ఆ మాట సందంతా విన్నది. రుద్రూర్ నుంచి అప్పుడే దిగిన అవ్వ కూతురు కూడా విన్నది. ఆమె వచ్చి వాడి చొక్కా పట్టుకుని, "నీ చేతి పిండి తిన్నది కదరా మా అవ్వ. ఏం పాపం చేసింది నీకు," అని ఏడ్చింది. వాడు చొక్కా విడిపించుకోలేదు. పోలీసులే ఆమెను పక్కకు తీసుకెళ్లి, వాడిని జీపెక్కించారు.

చీకటి పడేలోగా వాడు తిరిగొచ్చాడు. గోళ్లు కత్తిరించి తీసుకున్నారు, దవాఖానకు తీసుకుపోయి రక్తం తీశారు, ఒంటి మీద గీతలేమైనా ఉన్నాయేమోనని డాక్టర్ చూశాడు. ఊరు దాటి పోవద్దని, పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి పంపించారట.

"నీదని ఎందుకు చెప్పినవ్ రా," అన్నాను అన్నం పెడుతూ.

"నాదైతే నాది గాదని ఎట్ల చెప్త అక్క?"

"నిన్నే పట్టుకున్నరు గదా ఇగ."

"కుక్క అబద్ధం చెప్పదు. నా వాసన నాకాడికే వచ్చింది. మరి నా తువ్వాల ఆడికెట్ల వోయింది? అది ఆలోచించు నువ్వు."

అన్నం కలిపాడు కానీ తినలేదు. నేను ఆలోచించాను. ఆ సాయంత్రం గిర్నీకి ఎవరెవరు వచ్చారో గుర్తు చేసుకోబోతే పది ముఖాలు కలగాపులగంగా వచ్చేవి. గోధుమలు తెచ్చిన కోమటి ఇంటి కోడలు, తండా నుంచి మక్కలు తెచ్చిన అన్నదమ్ములు, బస్తాలు దించిన ట్రాలీ ఆటో అతను. అందరూ తెలిసినవాళ్లే. ఎవరి మీద వేలు పెట్టినా ఆ వేలు నాకే కాలుతున్నట్టుండేది.

తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. హైదరాబాద్ ల్యాబ్ నుంచి రిపోర్టు రావాలన్నారు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వాడిని అరెస్టు చేయలేదు, వదిలిపెట్టనూ లేదు. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే వెళ్లేవాడు, బెంచీ మీద కూర్చునేవాడు, అడిగిందే మళ్లీ అడిగితే చెప్పిందే మళ్లీ చెప్పి వచ్చేవాడు. ఎవరూ చేయి చేసుకోలేదని వాడే చెప్పాడు. కానీ ఇంట్లో ఒక్క చోట కూర్చోలేకపోయేవాడు. ఫోన్ మోగితే లేచి నిలబడేవాడు, మోగకపోతే తీసి చూసుకునేవాడు. మర ఆన్ చేసి, గింజలు లేకుండానే కాసేపు తిరగనిచ్చి, ఆపేసేవాడు.

ఎందుకంటే గిర్నీకి జనం రావడం మానేశారు. ముందు ఆడవాళ్లు మానేశారు. తరువాత మగవాళ్లు మా ముందు నుంచే సంచులు పట్టుకుని మెయిన్ రోడ్డు మీది గిర్నీకి పోయేవారు. కొందరు మాత్రం ఊరికే వచ్చి అరుగు మీద కూర్చుని, కుక్క సరిగ్గా ఎక్కడ కూర్చుందో అడిగేవారు. ఒకాయన ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. నాకూ కుదురు పోయింది. రోడ్డు మీద ఎవరైనా నవ్వుకుంటే మా గురించే అనిపించేది. వీధికుక్క అరుగెక్కితే లేచి తరిమేసేదాన్ని.

ట్రాలీ ఆటో అతను ఒక్కడే ఎప్పటిలా వచ్చేవాడు. పక్క సందులో గది కిరాయికి తీసుకుని ఉండేవాడు, మా గిర్నీ బస్తాలు ఎన్నాళ్లుగానో అతనే మోసేవాడు. పంచనామా అయ్యాక అవ్వను దవాఖాన బండి ఎక్కించేటప్పుడు కూడా ముందుకొచ్చి చేయి వేశాడు. "ఫికర్ చేయకు అక్క, నిజం ఎన్నటికైన బయట వడ్తది," అన్నాడు నాతో. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. చాయ్ పెట్టి ఇచ్చాను.

ఒకరోజు పోలీసులు గిర్నీకి వచ్చి, తువ్వాల పోయిన సాయంత్రం ఎవరెవరు వచ్చారని నన్ను అడిగారు. గుర్తున్నవాళ్లందరినీ చెప్పాను. అవ్వ గోళ్లలో దొరికిన రక్తంతో పోల్చడానికి వాళ్లలో మగవాళ్లందరి రక్తం తీయిస్తామన్నారు. తండా అన్నదమ్ములు మరునాడే వచ్చి ఇచ్చి పోయారు. ట్రాలీ ఆటో అతను కనిపించలేదు. గదికి తాళం ఉంది. నేను మొదట ఏమీ అనుకోలేదు. అటు మహారాష్ట్ర వైపు కిరాయిలు దొరికితే వారం పది రోజులు రాకపోవడం అతనికి మామూలే. మా తమ్ముడు మాత్రం ఆ తాళం వంక చూసి, మర దగ్గరికి వచ్చి, గోడకున్న ఆ మేకు పట్టుకుని నిలబడిపోయాడు.

"అక్క, గా దినం బస్తాలు దించి చెమట తుడుసుకున్నది దేంతోటి? నా తువ్వాలతోటే గదా. మెడల ఏసుకొనే పోయిండు."

ఆ మాటే ఎస్సైకి చెప్పాం. సరిహద్దు అవతల దెగ్లూర్‌లో పట్టుకున్నారు అతన్ని. అవ్వ కడియాలు అక్కడే ఒక దుకాణంలో దొరికాయి. ముంజేతి మీద మానిన గీతలు ఉన్నాయి. రక్తం తీసి పంపించారు. తరువాత చాలా రోజులకు రిపోర్టు వచ్చింది. అవ్వ గోళ్ల కింద దొరికిన చర్మం, రక్తం అతనివేనని. నేను చాయ్ పెట్టి ఇచ్చిన ఆ గ్లాసును ఏం చేయాలో తెలియక బయట పారేశాను.

అంతటితో అయిపోతుందనుకున్నాం. కోర్టు మొదలయ్యాక అసలు తిప్పలు తెలిసొచ్చాయి. ఎల్లారెడ్డి మీదుగా బస్సులో జిల్లా కోర్టుకు పోవడం, వాయిదా పడిందని తెలుసుకుని తిరిగి రావడం. ఇంతకుముందు కుక్కను నమ్మింది ఊరు. ఇప్పుడు ముద్దాయి వకీలు నమ్మమంటున్నాడు. నేరం మా తమ్ముడి మీదికి నెట్టడమే అతనికి కావాలి.

నన్ను బోనులో నిలబెట్టి ఆయన మెల్లగా అడిగాడు. "పోలీసు కుక్క ఆ రోజు ఎవరి దగ్గర కూర్చుంది?"

"మా తమ్ముని కాడ."

"ముద్దాయి ఆ జనంలోనే ఉన్నాడా?"

"ఉన్నడు."

"కుక్క ఆయన దగ్గర ఆగిందా?"

"ఆగలే. ఆయన ముంగటి నుంచే వచ్చింది."

"అంటే ఆ జనంలో కుక్క పట్టుకున్నది ఒక్క మీ తమ్ముడినే. అవునా, కాదా?"

అవును అనక తప్పలేదు. దాని తరువాత చెప్పాల్సింది చాలా ఉంది, కానీ ఆయన అప్పటికే కూర్చున్నాడు. కోర్టు బయట వరండాలో మా తమ్ముడు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఉన్నాడు. కిటికీలోంచి వాడి తల కనిపించేది, మాయమయ్యేది, మళ్లీ కనిపించేది.

వాడి వంతు వచ్చినప్పుడు వకీలు, "తువ్వాల మీదేనని పోలీసుల ముందు ఒప్పుకున్నారు గదా," అన్నాడు.

"ఒప్పుకోవుడేంది సార్, నాదేనని చెప్పిన. ఇప్పుడు గూడ చెప్తున్న. నాదే."

కుక్కను తెచ్చిన కానిస్టేబుల్‌ను కూడా పిలిచారు. ఆయన ఇబ్బందిగా నిలబడ్డాడు. కుక్క ఎవరిని పట్టుకుంటే వాళ్లే నేరం చేసినట్టా అని ప్రభుత్వ వకీలు అడిగితే, తువ్వాల మీద ఎక్కువగా ఎవరి వాసన ఉంటే అది అటే పోతుందని, అంతకుమించి తాను చెప్పలేనని అన్నాడు. ముద్దాయి వాసన కూడా ఉండి ఉంటే ఎందుకు పట్టలేదని అవతలి వకీలు అడిగాడు. కానిస్టేబుల్ తెలియదన్నాడు.

ల్యాబ్ నుంచి వచ్చిన మేడం చివరగా చెప్పింది. తువ్వాలకు ఇద్దరి చెమట ఉంది, ఎక్కువ భాగం మా తమ్ముడిది. అవ్వ గోళ్ల కింద దొరికింది మాత్రం ఒక్క ముద్దాయిదే. వకీలు అప్పుడు శవాన్ని ఎత్తిన సంగతి పైకి తీశాడు. ముద్దాయి మానవత్వంతో చేయి వేశాడని, అప్పుడే అతని చర్మం అవ్వ చేతికి అంటి ఉండవచ్చని. అందరి ముందూ ఎత్తాడు, నేనే చూశాను.

ఆమె జడ్జి గారి వైపు తిరిగి చెప్పింది. "ముట్టుకుంటే పైపైన అంటుతుంది సార్. ఇది గోరు లోపల, రక్తంతో కలిసి గట్టిగా పట్టి ఉంది. బతికున్న మనిషి గట్టిగా రక్కితేనే అలా వస్తుంది."

హాల్లో అవ్వ కూతురు కొంగు నోట్లో కుక్కుకుంది. భోజనాల వేళ వరండాలో ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "మా అవ్వ ఊకనే పోలే అక్క. కొట్లాడి పోయింది," అంది. మా తమ్ముడు నడుస్తూ మా దగ్గరికి వచ్చినప్పుడు తన నీళ్ల సీసా అందించింది. వాడు తీసుకుని తాగాడు.

తీర్పు రోజున జడ్జి గారు చదివింది నాకు సగమే అర్థమైంది. కుక్కను బోనెక్కించి ప్రశ్నలు అడగలేమని, అది దారి వెతకడానికి సాయపడుతుందే తప్ప దాని మీద ఆధారపడి ఎవరినీ దోషి అనలేమని, నిర్దోషి అని కూడా అనలేమని చెప్పారు. కడియాలు, చేతి మీది గీతలు, ల్యాబ్ రిపోర్టు ఒకదానికొకటి కలుస్తున్నాయన్నారు. ముద్దాయికి యావజ్జీవ శిక్ష పడింది. అతను మా వైపు చూడలేదు.

తిరుగు బస్సు ఎల్లారెడ్డిలో ఆగితే మా తమ్ముడు దిగాడు. చాయ్ కోసమనుకున్నాను. కండక్టర్ విజిల్ వేసినా ఎక్కలేదు. నేనూ సంచి పట్టుకుని దిగాను.

"నువ్వు పో అక్క. నేను కొంచెం నడిసి వస్త."

"ఎంత దూరం నడుస్తవ్ రా? ఎవరికి భయపడుతున్నవ్ ఇంకా? తీర్పు రాలే?"

"భయం గాదు. కూసుంటే ఊపిరాడతలేదు. గిర్నీల నిలవడితే అందరు నా కాళ్ల దిక్కే చూస్తున్నట్టుంటది."

ఇద్దరం రోడ్డు పక్కన కొంత దూరం నడిచాం. తరువాత వచ్చిన బస్సు నేను ఆపితే ఎక్కాడు.

వారం తిరగకముందే జనం గిర్నీకి వచ్చారు. ఏమీ జరగనట్టు సంచులు దించి, పిండి త్వరగా పట్టమని తొందర పెట్టారు. ఫోటో తీసుకున్నాయన కూడా వచ్చాడు. మా తమ్ముడు అందరికీ పట్టి ఇచ్చాడు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ పంట చేతికొచ్చే కాలానికి వరికోత మిషన్ మీద డ్రైవరుగా వెళ్లిపోయాడు. పంట ఎక్కడుంటే మిషన్ అక్కడికి పోతుంది. పెద్ద కొడప్‌గల్, బోధన్, దెగ్లూర్ అవతల ఇంకా ఎక్కడెక్కడో. గిర్నీలో మర దగ్గర నేనే నిలబడుతున్నాను.

మొన్నటి కోతలకు వాళ్ల మిషన్ రుద్రూర్ వైపు వచ్చింది. డబ్బాలో అన్నం, పచ్చిపులుసు, కోడిగుడ్ల కూర పెట్టుకుని పోయాను. బాగా నల్లబడ్డాడు, కొంచెం ఒళ్లు చేశాడు. గట్టు మీద నిలబడే తిన్నాడు, డబ్బా ఖాళీ అయ్యేదాకా.

"రెండు దినాలు ఇంటికి రారాదు?"

"చూస్త అక్క. ఈ మడి అయినంక చెప్త."

డబ్బా కడిగి నా చేతికిచ్చి మిషన్ ఎక్కాడు. అది పొలం అవతలి అంచున మలుపు తిరిగేదాకా చూసి, నేను బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.