థైరాయిడ్ కాదు

విశాఖలో డాక్టరమ్మ నా జబ్బును పర్సనాలిటీ డిజార్డర్ అంటారని చెప్పిన రోజు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా మా వీధి పెట్టిన పేర్లు చాలవా? గయ్యాళి, తిక్కది, మొగుణ్ణి వదిలేసిన మొండిది. నిజమే, ఎవరైనా ఒక్క మాటంటే రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. ఇష్టమైనవాళ్లు ఒక పూట ఫోన్ ఎత్తకపోతే నన్ను వదిలేశారని రభస చేసేదాన్ని. అలా రెండు బట్టల షాపుల్లో పని పోగొట్టుకున్నాను. ఇదే కోపం మగాడికుంటే పౌరుషం అంటారు.

"ఇది మీ పొగరు కాదు. దీనికి వైద్యం ఉంది. మాత్రల కన్నా మాటలతో చేసేదే ఎక్కువ. మానకుండా రావాలి" అన్నారు డాక్టరమ్మ. పదిహేను రోజులకోసారి, గురువారం. కోపం వచ్చినప్పుడు దాని వెంట పరిగెత్తకుండా కూర్చోవడం అక్కడ నేర్పుతారు. వినడానికి తేలిక. మొదట్లో ఆవిడ మీదే అలిగి రెండుసార్లు తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

నర్సీపట్నం బయట జీడిపప్పు ఫ్యాక్టరీలో అమ్మా నేనూ పక్కపక్కనే కూర్చుని చిన్న కత్తులతో పప్పుకు పొట్టు తీస్తాం. అక్కడ అమ్మ నాకు థైరాయిడ్ అని చెప్పేసింది. ఆడదాని జబ్బు దాచాలంటే మా వాళ్లకు ఆ ఒక్క మాట చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు. థైరాయిడుకు పడదని మా బల్ల దగ్గరి ఆడవాళ్లు ఏడాది పాటు నన్ను క్యాబేజీ ముట్టనివ్వలేదు.

మొన్న వేసవిలో ఆర్డర్లు ఎక్కువై మేస్త్రి సెలవులు ఆపేశాడు.

"థైరాయిడుకి ఇక్కడ రక్తం తీసి సూడరేటి? ఇసాపట్నం దేనికి? ఈ గురువారం ఎల్లావంటే శుక్రవారం రానక్కర్లేదు" అన్నాడు అందరి ముందూ.

అమ్మ నా మోకాలు గిల్లింది. అయినా చెప్పేశాను. "థైరాయిడ్ కాదండి. మనసుకొచ్చిన జబ్బు. కోపమొస్తే నా మాట నానే ఇనను. ఆ వైద్యం మానేస్తే మల్లీ మొదటికొస్తాను."

"అంటే పిచ్చా?"

"మొన్న పప్పు ముక్కలైందని మీరు పళ్లేలు ఇసిరేసినప్పుడు మిమ్మల్ని ఎవరం అలా అడగలేదండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి ముఖం ఎర్రబడింది.

గురువారం వెళ్లాను. బస్సెక్కే ముందు అమ్మ ఒక్కటే మాట అంది. "పరువు తీసీసేవే."

శుక్రవారం వేళకే వెళ్లి నా చోట కూర్చున్నాను. మేస్త్రి వచ్చి నిలబడ్డాడు. "లెగు. ఆ కత్తి ఎప్పుడు ఎవలి మీదకి ఇసురుతావో ఎవలికి తెలుసు?"

గది నిండా ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. పళ్లెం తన్ని, నాలుగు బూతులు తిట్టి వెళ్లిపోవడం నాకు చాలా తేలిక. ఆయనకు కావలసింది కూడా అదే. నేను కత్తి బల్ల మీద పెట్టాను. ఊపిరి తీసుకున్నాను. మళ్లీ కత్తి తీసుకుని పొట్టు తీయడం మొదలుపెట్టాను. ఈ ఒక్క పని కోసం ఏడాదిగా బస్సుల్లో తిరిగాను.

ఆయన నా పళ్లెం లాగి నేలకేసి కొట్టాడు. పప్పంతా చెల్లాచెదురైంది.

అప్పుడు అమ్మ వంగి తన పళ్లెంలోంచి సగం పప్పు నా ముందు కుమ్మరించింది. మేస్త్రి వైపు చూడనైనా చూడలేదు.

"పని సెయ్యే" అంది నాతో.

సాయంత్రం దాకా ఇద్దరం అక్కణ్ణుంచి కదల్లేదు.